యాక్సిడెంట్ తర్వాత మా ఆయన మారిపోయారు. నేను చూసుకునే తీరు వల్లే తగ్గడం లేదా?

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇది. పద్నాలుగు నెలల క్రితం హైదరాబాద్ నుంచి రాత్రిపూట వస్తుంటే సూర్యాపేట దాటాక ప్రమాదం జరిగింది. కారు నడుపుతున్నది మీ ఆయన. పక్క సీట్లో కూర్చున్న ఆయన మేనమామ కొడుకు అక్కడికక్కడే పోయాడు. మీ ఆయన కాలికి రాడ్డు వేశారు, ఎముక అతుక్కుంది, ఆఫీసుకి కూడా వెళ్తున్నారు. కానీ ఇంట్లో మనిషి మునుపటి మనిషి కాదు. హాల్లో పడుకుంటున్నారు. కుక్కర్ విజిల్ వస్తే ఉలిక్కిపడి పిల్లల మీద అరుస్తున్నారు. కారు ముందు సీట్లో కూర్చోరు, మేనమామ ఇంటి గడప తొక్కరు, ఆ బావమరిది పేరెత్తితే లేచి వెళ్లిపోతారు. మీరేమో ఆయనకి ఏ ఇబ్బందీ రాకూడదని బజారు, బ్యాంకు, పిల్లల స్కూలు, చివరికి ఆయనకొచ్చే ఫోన్లతో సహా అన్నీ మీ నెత్తిన వేసుకున్నారు. అత్తగారు ఒక రోజు దిష్టి అంటారు, ఇంకో రోజు మగాడన్నాక ధైర్యంగా ఉండాలంటారు. ఇంత ప్రేమగా చూసుకుంటున్నా తగ్గదేం, నా వల్లే పెరుగుతోందా అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. జబ్బు మీ వల్ల రాలేదు. కానీ మీరు చూసుకునే తీరులో కొంత భాగం దాన్ని కదలకుండా నిలబెడుతోంది. దగ్గరివాళ్లు పక్కన ఉండటం ఈ జబ్బులో పెద్ద బలం. అదే దగ్గరివాళ్లు మనిషికీ అతని భయానికీ మధ్య గోడలా నిలబడితే ఆ భయానికి నీళ్లు పోసి పెంచినట్టే. పైకి చూస్తే రెండూ ప్రేమలాగే ఉంటాయి, చేసేవాళ్లకి కూడా తేడా తెలియదు. ఆ తేడా పట్టుకోవడం గురించే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను విజయవాడలో క్లినికల్ సైకాలజిస్టుని, ఇరవై ఒక్క ఏళ్లుగా ఇదే పని. మందులు రాసే డాక్టర్ని కాదు, మాటలతో చేసే చికిత్స నాది. కింద చెప్పేవాళ్ల వయసులు, ఊళ్లు, కొన్ని గుర్తులు మార్చాను.

మీరు చెప్పిన లక్షణాలు పీటీఎస్‌డీని (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) పోలి ఉన్నాయి. మనిషిని చూడకుండా ఖాయం చేయను. ప్రాణం మీదికొచ్చిన ఘటన తర్వాత ఆ దృశ్యం కలలోనో మెలకువలోనో తిరిగి తిరిగి రావడం, దాన్ని గుర్తుచేసే ప్రతిదానికీ దూరంగా జరగడం, మనసు మొద్దుబారి తన మీదే చెడు నమ్మకాలు పాతుకుపోవడం, ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు బిగుసుకుని ఉండటం, ఇవన్నీ నెల దాటినా పోకుండా రోజువారీ బతుకుని దెబ్బతీస్తుంటే ఆ పేరు పెడతారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం జాబితాలోకి ఈ పేరు ఎక్కింది 1980లో, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గొడవల పుణ్యమా అని. పేరు కొత్తది గానీ, 'జడుసుకున్నాడు' అని మన ఊళ్లలో ఎప్పటినుంచో అంటున్నాం. అందుకే మీ అత్తగారు దిష్టి అంటే నాకు కోపం రాలేదు. బయటి నుంచి వచ్చి పడింది, వాడి తప్పు కాదు అని ఆవిడ తన భాషలో చెబుతున్నారు. దిష్టి తీస్తే తీయనివ్వండి, అక్కడితో ఆగిపోకపోతే చాలు. ఆ రెండో మాట, 'మగాడన్నాక' అనేది, దాన్ని మాత్రం మెల్లగా మాన్పించాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

దగ్గరి బంధాల బలం ఎంతో చెప్పడానికి రెండు పరిశోధనలు చాలు. 2000లో బ్రిటన్‌కి చెందిన క్రిస్ బ్రూవిన్, ఆయన సహచరులు 77 అధ్యయనాలను కలిపి, ఎవరికి ఈ జబ్బు ఎక్కువగా వస్తోందని లెక్కకట్టారు. ఘటనకి ముందున్న సంగతుల కన్నా ఆ తర్వాత మనిషికి ఏం దొరికింది, ఏం దొరకలేదు అన్నవే ఎక్కువ తూగాయి. చుట్టూ ఉన్నవాళ్ల అండ లేకపోవడం అందులో పైవరసలో ఉంది. ఇక 2006లో జేమ్స్ కోన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పదహారు మంది పెళ్లైన ఆడవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి, చిన్న కరెంటు షాక్ ఇవ్వబోతున్నామని చెప్పి మెదడు ఏం చేస్తుందో చూశాడు. ఒంటరిగా ఉన్నప్పటికన్నా భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో ప్రమాద ఘంట బాగా తగ్గింది. కాపురం ఎంత బాగుంటే అంత తగ్గింది. వాళ్లకి పీటీఎస్‌డీ లేదన్నది గుర్తుంచుకోవాలి, అయినా నేను ఆ ప్రయోగాన్ని క్లినిక్‌లో తరచూ చెబుతుంటాను. ఎందుకంటే అందులో ఇంకో సంగతుంది. భర్త చెయ్యి పట్టుకున్నాడు, అంతే. ఆమెను స్కానర్‌లోంచి బయటికి లాగలేదు.

మీరు చేస్తున్నది బయటికి లాగడం.

ఇంట్లోవాళ్లు సర్దుబాటు చేసుకుంటూ పోతే ఏమవుతుందో ఒక లారీ డ్రైవర్ ఇంట్లో చూశాను. జగ్గయ్యపేట వైపు మనిషి. బ్రేకులు పడక ఒక బైకుని గుద్దాడు, దాని మీద ఉన్న కుర్రాడు పోయాడు. కేసు తేలిపోయింది, బండిదే లోపమన్నారు. ఇంటికొచ్చాక ఆయన లారీ వైపు చూస్తే చెమటలు పట్టేవి. భార్య తాళాలు దాచేసింది. అన్నదమ్ములు పొలం పని చూసుకో అన్నారు. తర్వాత రోడ్డు మీద హారన్ పడటం లేదని పెద్దకొడుకు అన్నం క్యారేజీ పొలానికే తీసుకెళ్లేవాడు. తర్వాత టీవీలో యాక్సిడెంట్ వార్తలొస్తే రిమోట్ పట్టుకుని ఒకరు కాపలా. నా దగ్గరికి తెచ్చేసరికి ఆ మనిషి ఇంటి ముందు రోడ్డు దాటి చుట్ట కొనుక్కోవడం కూడా మానేశాడు. రెండేళ్లలో ఎవరూ ఒక్క చెడ్డ పని చేయలేదు. చేసిన ప్రతి సాయమూ ఆ రోజుకి ఆయనకి ఊరటనిచ్చింది, మర్నాటికి ఆయన లోకాన్ని ఒక గజం తగ్గించింది.

ఇలా ఎందుకవుతుందంటే, భయం ఒంట్లో అలలా లేస్తుంది. గుండె దడ, చెమట, ఊపిరి ఆడకపోవడం ఒక ఎత్తుకి పోయి, మనం ఏమీ చేయకపోయినా కాసేపటికి తనంతట తనే దిగుతుంది. అది దిగేదాకా అక్కడే ఉంటే 'నాకేమీ కాలేదే' అని మెదడుకి తెలుస్తుంది. సరిగ్గా ఎత్తులో ఉన్నప్పుడు ఎవరో వచ్చి పక్కకి తీసుకెళ్లిపోతే మెదడు నేర్చుకునేది వేరు: 'అమ్మయ్య, తప్పించుకున్నాను కాబట్టి బతికాను.' ఈసారి ఇంకా ముందే తప్పించుకోమంటుంది.

ఆ డ్రైవర్‌కి చేసిన చికిత్సలో మొదటి మెట్టు, ఆపి ఉన్న లారీలో ఊరికే కూర్చోవడం. పక్కన ఆయన బావమరిది. భార్య కింద నిలబడాలి. ఆమెకి నేను పెట్టిన నియమం ఒక్కటే, ఆయనకి చెమట పట్టినా 'చాల్లే, దిగిపో' అనకూడదు. నిజం చెప్పాలంటే ఆయన కన్నా ఆమే ఎక్కువ కష్టపడింది, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పదకొండు వారాల తర్వాత బావమరిదిని పక్కన పెట్టుకుని నందిగామ దాకా వెళ్లొచ్చాడు. మళ్లీ లారీ నడపలేదు. ఆటో కొనుక్కున్నాడు, అది చాలన్నాడు, నేనూ చాలన్నాను.

మీ ఇంటికొద్దాం. ఈ రాత్రే అన్నీ మానేసి 'ఇక నీ పని నువ్వే చూసుకో' అనకండి, అది ఇంకో ప్రమాదం. ముందు ఆయనతో కూర్చుని చెప్పండి, మీకు తోచిన మాటల్లోనే: 'నేను అన్నీ అడ్డుపడి చేస్తుంటే మీకు సులువవుతుంది అనుకున్నా, దానివల్ల మీకే ఇబ్బంది అట. ఒక్కొక్కటీ మళ్లీ మీకిస్తాను, నేను పక్కనే ఉంటాను.' ఆయన ఎంచుకున్న, అన్నింటికన్నా తేలికైన ఒక్కదానితో మొదలుపెట్టండి. ఫోన్లు అనుకోండి. మొదటి వారం ఆయన ఎత్తుతారు, మీరు పక్కన కూర్చుంటారు. రెండో వారం మీరు వంటింట్లో ఉంటారు. కుక్కర్ సంగతీ అంతే. మీరు కుక్కర్ మానేసి గిన్నెలో అన్నం వండుతున్నానని రాశారు. మళ్లీ కుక్కర్ పెట్టండి, పెట్టే ముందు 'కుక్కర్ పెడుతున్నా' అని ఒక కేక వేయండి. కొన్నాళ్లకి ఆ కేక కూడా మానేయొచ్చు. కారు ముందు సీటు, హైవే మాత్రం ఇంట్లో సొంతంగా చేయొద్దు. అవి చికిత్స చేసేవాళ్ల చేతి కింద జరగాలి.

ఇప్పుడు 'మగాడన్నాక' సంగతి. ఇంట్లోవాళ్ల ఎత్తిపొడుపు మాటలు రోగిని ఏం చేస్తాయన్నది 1950లు, 60లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టడం లాంటివి ఉండే జబ్బు) రోగుల ఇళ్లలో మొదట గమనించాడు. ఎత్తిపొడుపులు ఎక్కువున్న ఇళ్లకి వెళ్లినవాళ్లు త్వరగా మళ్లీ జబ్బు పడ్డారు. తర్వాత 1999లో నికొలస్ టారియర్ బృందం పీటీఎస్‌డీలోనూ అదే చూసింది. ఒకే చికిత్స తీసుకున్నా, ఇంట్లో సూటిపోటి మాటలు పడేవాళ్లు తక్కువ బాగుపడ్డారు. మనవాళ్లు పెద్దగా తిట్టరు కూడా. 'వాళ్లబ్బాయికి ఇంతకన్నా పెద్ద యాక్సిడెంటైంది, నెలలో లేచి తిరిగాడు' అంటారు. ఆ ఒక్క వాక్యం నేను వారంలో చేసిన పనిని చెరిపేస్తుంది. అత్తగారికి ఉపన్యాసం ఇవ్వకండి, ఆవిడకో పని ఇవ్వండి. సాయంత్రం కొడుకుతో కలిసి వీధి చివరిదాకా నడిచి రావడం లాంటిది. అమ్మ పక్కన నడుస్తుంటే, ఏమీ మాట్లాడకపోయినా, అది మందే.

మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసినది ఒకటుంది. 'నన్ను దగ్గరికి రానివ్వరు, పిల్లల్ని ఎత్తుకోరు, ఏడవరు, నవ్వరు.' ఈ జబ్బులో కాపురాలని ఎక్కువగా దెబ్బతీసేది కోపం అనుకుంటారు. నా అనుభవంలోనూ, పరిశోధనల్లోనూ, ఈ మొద్దుబారడమే ఎక్కువ దెబ్బ. కోపానికి ఎదురు మాట్లాడొచ్చు, గోడతో ఏం మాట్లాడతాం? ప్రేమ పోయిందని అనుకోకండి. భయాన్ని నొక్కిపెట్టడానికి మనసు మొత్తం మీటనే ఆపేస్తుంది. భయం ఒక్కదానికి వేరే స్విచ్చి లేదు, దాంతోపాటు సంతోషం, మమకారం, కోరిక అన్నీ ఆరిపోతాయి. చికిత్స మొదలయ్యాక చాలామందిలో ముందు ఏడుపు తిరిగొస్తుంది. భార్యలు కంగారుపడి 'ఇంకా ఎక్కువైంది మేడమ్' అని ఫోన్ చేస్తారు. నేను లోపల సంతోషిస్తాను.

హాల్లో పడుకోవడం గురించి ఒక్కసారి నేరుగా అడిగి చూడండి: 'నిద్రలో నన్ను కొడతానేమో అని భయమా?' ఇక్కడ ఏటీఎం దగ్గర కాపలా పని చేసే ఒక మాజీ జవాను ఆరేళ్లు వరండాలో పడుకున్నాడు. తనంటే ఆయనకి ఇష్టం లేదని భార్య నమ్మింది. అసలు సంగతేమిటంటే, సెలవులో ఇంటికొచ్చినప్పుడు ఒక రాత్రి ఆమె భుజం తట్టి లేపితే నిద్రమత్తులో ఆమె గొంతు పట్టుకున్నాడు. ఆమె ఎప్పుడో మర్చిపోయింది, ఆయన మర్చిపోలేదు. వాళ్లకి నేర్పింది చిన్న విషయమే. పీడకలలో ఉన్న మనిషిని ముట్టుకోవద్దు. లైటు వేసి, మంచం కాళ్ల వైపు నిలబడి, పేరుపెట్టో వరసపెట్టో పిలిచి, 'ఇది మన ఇల్లు, ఇవాళ ఆదివారం, నేను ఫలానా' అని మామూలు గొంతుతో చెప్పాలి. మంచినీళ్లు చేతికిచ్చి, కల ఏమిటని అప్పటికప్పుడు ఆరా తీయకూడదు.

ఆరా తీయాలా, వద్దా అన్నది మీరు అడగలేదు గానీ అందరూ తప్పే చోటు అదే. రెండు వైపులా తప్పుతారు.

ఒక వైపు, పూర్తి మౌనం. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖని ఊడ్చేసిన వారం, విజయవాడలోనే ఒకాయన వాళ్ల అమ్మని నా దగ్గరికి తెచ్చాడు. టీవీలో పొద్దస్తమానం తుఫాను చూపిస్తున్నారు. డెబ్భైకి దగ్గరపడిన ఆవిడ మనవల్ని ఇద్దర్నీ లాక్కుని మేడమీదికెక్కి, ఎండలో కూర్చుని, కిందికి దిగనని మొండికేసింది. దివిసీమ మనిషి. 1977 నవంబర్ 19 రాత్రి ఉప్పెనలో, అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయిన ఆ రాత్రి, ఆవిడ చేతిలోంచి మూడేళ్ల కూతురు జారిపోయింది. ఆ తర్వాత పుట్టిన కొడుకు ఇతను. తనకో అక్క ఉండేదని అతనికి నలభై దగ్గరపడే ఆ వయసులో, నా గదిలో, తెలిసింది. భర్తతో ఎప్పుడూ మాట్లాడలేదా అమ్మా అని అడిగితే, 'ఆయన బాధపడతారని నేను, నేను బాధపడతానని ఆయన, అట్టా వెళ్లిపోయింది. ఆయన పోయి కూడా ఆరేళ్లయింది' అంది. అతనితో నేను చెప్పింది ఒక్కటే, మీ అక్క పేరేంటో అడగండి అని. అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆ మధ్యాహ్నం నా తర్వాతి అపాయింట్‌మెంట్లు రెండు ఆలస్యమయ్యాయి.

రెండో వైపు, గుచ్చి గుచ్చి అడగడం. 'మొత్తం చెప్పేసుకో, బరువు దిగుతుంది' అని ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే కూర్చోబెట్టి చెప్పించే పద్ధతి ఒకప్పుడు చాలా దేశాల్లో నడిచింది. ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవాళ్లపైనే దాన్ని పరీక్షించారు. మూడేళ్ల తర్వాత చూస్తే, మొదట్లో బాగా కలతపడి అలా చెప్పించుకున్నవాళ్లు, చెప్పించుకోనివాళ్ల కన్నా అధ్వాన్నంగా ఉన్నారు. ఆ ఫలితం 2000లో వచ్చింది. చికిత్సలో కూడా మేం ఆ కథ చెప్పిస్తాం, కానీ దానికో క్రమం, వేగం, మళ్లీ మళ్లీ రావడం ఉంటాయి. ఇంట్లో చేయాల్సింది తలుపు తీసి ఉంచడం వరకే. ఆయన మొదలుపెడితే చేతిలో పని ఆపి వినండి. మొదలుపెట్టకపోతే వదిలేయండి.

విన్నప్పుడు ఒక మాట మాత్రం గభాల్న అనకండి: 'మీ తప్పేం లేదండీ.' తెలుసు, మంచి ఉద్దేశంతోనే అంటారు, మీరు వందసార్లు అని ఉంటారు. స్టీరింగ్ ఆయన చేతిలో ఉంది, పక్క సీట్లో మనిషి పోయాడు. ఆయన జబ్బు మధ్యలో కూర్చున్నది 'నేనే చంపాను' అన్న నమ్మకం. దానికి మీరు వెంటనే 'కాదు' అంటే ఆయనకి వినిపించేది 'ఇక మాట్లాడొద్దు' అని. దాని బదులు 'ఆ రాత్రి గురించి అలా అనిపిస్తోందా మీకు' అని ఆగండి. ఆ నమ్మకాన్ని విప్పి చూడటం చికిత్సలో జరుగుతుంది: ఎదురుగా ఏమొచ్చింది, ఎంత వ్యవధి ఉంది, ఆ సెకన్లలో ఏ డ్రైవర్ అయినా ఏం చేయగలడు. తీర్పు ఆయన నోటినుంచే రావాలి, మనం ఇచ్చేస్తే పనిచేయదు.

ఇక హెచ్చరికలు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడు, ఇలాంటి భర్త ఉన్న ఒక అమ్మాయికి 'జబ్బు కదమ్మా, కొంచెం ఓపిక పట్టు' అని చెప్పి పంపాను. చెయ్యి చేసుకుంటున్నాడా అని అడగలేదు. మూడు నెలలకి మణికట్టుకి కట్టుతో వచ్చింది. అప్పటినుంచి ప్రతి భార్యనీ ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఉలిక్కిపాటు జబ్బు. కొట్టడం జబ్బు లక్షణం కాదు, దానికి సర్దుకోనక్కర్లేదు. అలాంటిదేమైనా ఉంటే ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు, తర్వాతే ఆయన చికిత్స. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. 2005 గృహహింస చట్టం భర్త రోగి అయినా వర్తిస్తుంది. ఆయన రాత్రిళ్లు మందు మొదలుపెట్టారేమో కూడా గమనించండి. నిద్ర కోసమని రెండు పెగ్గులు అంటారు. దాంతో నిద్ర మరింత పాడవుతుంది, కోపానికి కళ్లెం పోతుంది. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఎప్పుడైనా అంటే దాన్ని బెదిరింపుగా తీసుకోకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇది చదివే మరికొందరి కోసం ఒక పక్క మాట. పైన చెప్పిందంతా దెబ్బ బయట తగిలి, ఇల్లు ఆసరాగా ఉన్నవాళ్లకి. దెబ్బ కొట్టింది ఇంటి మనిషే అయితే లెక్క తిరగబడుతుంది. చిన్నప్పుడు సొంత బంధువు చేతిలో నలిగిన అమ్మాయికి దగ్గరితనమే ప్రమాద సూచన. భర్త మంచివాడైనా, ప్రేమగా భుజం మీద చెయ్యేసినా, ఒళ్లు బిగుసుకుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని విడిగా చేర్చింది ఇలా ఏళ్ల తరబడి సాగిన దెబ్బల్ని దృష్టిలో పెట్టుకునే. అలాంటి అమ్మాయిని 'పెళ్లి కదా, నలుగురూ ఏమనుకుంటారు' అని ఆ మనిషే కూర్చున్న పందిట్లోకి తీసుకెళ్లి నమస్కారం పెట్టించే ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. అక్కడ కుటుంబం చేయాల్సింది ఒకటే, నమ్మడం. ఆ మనిషి ఎదురుపడని ఏర్పాటు చేయడం. దాన్ని తప్పించుకోవడం అనరు.

చికిత్స ఏమిటంటే, ఈ జబ్బు కోసమే రూపొందిన మాటల చికిత్సలు ఉన్నాయి. ఎడ్నా ఫోవా పద్ధతిలో జ్ఞాపకాన్నీ, తప్పించుకుంటున్న చోట్లనీ మెట్లుమెట్లుగా ఎదుర్కోవడం ఒకటి, కళ్లని అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ ఇంకోటి. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి సైకియాట్రిస్టులు రాస్తారు, పని చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆల్ప్రజోలామ్ లాంటి నిద్ర మాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకోవద్దు. వాటికి అలవాటు పడటం సులువు, ఈ జబ్బుకి అవి సరైన మందూ కాదు. భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి చేసే చికిత్స కూడా ఉంది. క్యాండిస్ మాన్సన్ బృందం 40 జంటలతో పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించింది, పదిహేను సెషన్లు. జబ్బూ తగ్గింది, రోగులకి కాపురం మీద తృప్తీ పెరిగింది. మన దగ్గర దాంట్లో శిక్షణ పొందినవాళ్లు తక్కువ. నేను చేసేది, రోగితో విడిగా పనిచేస్తూ మధ్యలో నాలుగైదుసార్లు భార్యని పిలవడం. మీరు వెళ్లేచోట అలా కుదురుతుందేమో అడగండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకి, 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ కోసం కూడా చేయొచ్చు. పద్నాలుగు నెలలుగా మీరు ఎంతసేపు నిద్రపోతున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆయన రానంటున్నారన్నారు. 'మీకు మానసిక సమస్య ఉంది' అంటే ఎవరూ రారు. ఆయనే దేని గురించి చెప్పుకుంటున్నారో దాన్ని పట్టుకోండి. నిద్ర పట్టడం లేదంటున్నారు కదా, నిద్ర కోసం వెళ్దాం అనండి. అది అబద్ధం కూడా కాదు.

చివరగా ఆ మేనమామ ఇల్లు. మీరు రాయలేదు గానీ ఊహిస్తున్నాను, దినకర్మలప్పుడు మీ ఆయన ఆసుపత్రి మంచం మీద ఉండి ఉంటారు. రోడ్డు ప్రమాదాల్లో బతికినవాళ్లకి ఇది తరచూ జరుగుతుంది. పోయినవాణ్ణి సాగనంపలేదు, ఏడ్చేవాళ్ల మధ్య కూర్చుని ఏడవలేదు, సంవత్సరీకానికి మొహం చెల్లలేదు. అటు వాళ్లేమో 'మా వాడు పోయాడు, వీడు ఒక్కసారైనా రాలేదు' అనుకుంటుంటారు. ఇటు ఈయన 'ఏ మొహం పెట్టుకుని వెళ్లను' అనుకుంటారు. ఎప్పటికైనా ఆ గడప దాటాలి, కానీ మొదటి మెట్టు అది కాదు, చికిత్స బాగా నడిచాక. వాళ్ల మనసులో ఏముందో తెలియకుండా ఆయన్ని తీసుకెళ్లడం కూడా మంచిది కాదు, అక్కడ ఒక్క కటువు మాట పడితే ఏడాది వెనక్కి పోతాం. కాబట్టి ముందు మీరొక్కరే వెళ్లిరండి. ఆయనకి చెప్పే వెళ్లండి. ఆయన తరఫున క్షమాపణలు అడగకండి, వాళ్లబ్బాయి గురించి ఆ తల్లిని మాట్లాడనివ్వండి. తిరిగొచ్చాక ఆయన అడిగితే చెప్పండి. అడగకపోతే, వెళ్లొచ్చానని మాత్రం చెప్పి అన్నం పెట్టండి.